మన సరకు పేరు మనకు దక్కవలెనన్న

(యానాములో జరిగిన సంఘ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



విదేశ వ్యాపారమును గూర్చియు, అందు మనకు ఉపకరించు చట్టములను గూర్చియు నాలుగు మాటలు చెప్పవలసినదిగా సంఘమువారు మమ్ము కోరిరి. మేము న్యాయవాదులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, తండ్రిగారి బట్టల కొట్టులో కొలబద్ద పట్టినవారము. అయినను, నష్టపడి నేర్చుకొన్నవారి మాటకు కొంత విలువ యుండునను ధైర్యముతో మీ యెదుట నిలిచితిమి.

ఈ ఊరు వ్యాపారము వలన పెరిగిన ఊరు. ఫ్రెంచివారు 1723లో ఇచ్చట వర్తకస్థానమును నెలకొల్పిరి. 1727లో విడిచిపోయి, 1731లో మరల వచ్చిరి. మనకు చేరువనున్న ఇంజరములో ఇంగ్లీషువారి వర్తకస్థానము ఉండెడిది. వీరందరిని ఈ తీరమునకు రప్పించిన సరకులలో ముఖ్యమైనది గోదావరి ప్రాంతపు నేతగాండ్రు నేసిన నూలుబట్ట. 1954లో ఫ్రెంచి పాలన ముగిసినది. 1962 ఆగస్టు 16న విలీనము చట్టరీత్యా పూర్తియైనది. దొరలు పోయినను మన కుటుంబములలో బట్టల వ్యాపారము పోలేదు. ఫ్రాన్సున బంధువులు గల యిండ్లును మనలో కలవు. కావున పరదేశ వ్యాపారమనునది మనకు క్రొత్త ముచ్చట కాదు. అయినను అందు మనము పోగొట్టుకొన్నదేమో ఒకసారి తలచుకొనవలెను.

నరసాపురము దగ్గర మాధవాయపాలెమను గ్రామము కలదు. ఇంగ్లీషు కంపెనీవారు 17వ శతాబ్దములో అచ్చట వర్తకస్థానము పెట్టిరి. ఆ ఊరి పేరు వారి నోట 'మడపొల్లము' అయినది. అచ్చటినుండి ఓడలెక్కిన బట్టకును అదే పేరు వచ్చినది. పిమ్మట ఐరోపావారు తమ మరలమీద అట్టి బట్టనే నేసి, అదే పేరుతో అమ్మసాగిరి. నేటికిని ఫ్రెంచి నిఘంటువు తెరచి చూచినచో ఆ మాటకు ఒక విధమగు నూలుబట్ట అని అర్థము కనబడును. పేరు దేశదేశములు తిరిగినది. ఆ ఊరి నేతగానికి మాత్రము అందువలన దమ్మిడీ రాలేదు.

ఆ పేరు మాదేయని నేడు దావా వేయుదమన్నను వీలు లేదు. 1995 జనవరి 1 నుండి అమలులోనున్న ట్రిప్స్ ఒడంబడికలోని 24వ అధికరణమున రెండు నియమములు కలవు. ఒక దేశమున ఒక పేరు సరకునకు సామాన్యనామమైపోయినచో, ఆ దేశము దానిని కాపాడనక్కరలేదు. స్వదేశములోనే రక్షణ పొందని పేరును పరదేశము కాపాడనక్కరలేదు. అనగా, ముందు మన యింట వ్రాసికొన్న పేరునకే పొరుగింట మర్యాద.

ఈ సంగతి మేము ముందు తెలిసికొనక చెడితిమి. కొన్ని యేండ్ల క్రిందట మేము గళ్ళ లుంగీలను ఒక విదేశమునకు పంపుచుంటిమి. వానిపై మా తండ్రిగారి కాలమునుండి వచ్చుచున్న తెలుగు అక్షరముల గుర్తు ఉండెడిది. అచ్చటి మా ఏజెంటు మాకు తెలియకుండ ఆ గుర్తును తన పేర నమోదు చేయించుకొనెను. ఒకనాడు మా మూటలు రేవులోనే నిలిచిపోయినవి. మా గుర్తుతో మేమే సరకు పంపరాదట! న్యాయవాదిగారు మమ్మడిగినవి మూడు ప్రశ్నలు: మీ దేశమున నమోదు ఉన్నదా? ఏజెంటుతో వ్రాతపూర్వకమైన ఒప్పందము ఉన్నదా? ఈ గుర్తును ఎప్పటినుండి వాడుచున్నారో చూపు బిల్లులున్నవా? మూడింటికిని లేదనియే చెప్పవలసి వచ్చినది. అంతయు టెలిఫోనుమీద, నమ్మకముమీద నడచినది. తుదకు గుర్తు మార్చుకొంటిమి. ఆ మనిషి చేసినది అన్యాయమే. కాని తలుపు తెరచియుంచినవారము మేమే.

మీకా గతి పట్టకుండుటకు చేయవలసినవి చెప్పెదము. మొదటిది ట్రేడ్ మార్కు. ఇది ఒక వర్తకుని సొంత గుర్తు. 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టము 2003 సెప్టెంబరు 15 నుండి అమలులోనికి వచ్చినది. పుదుచ్చేరి ప్రాంతమంతయు, అందు మన యానామును, చెన్నైలోని రిజిస్ట్రీ క్రిందికి వచ్చును. సరకులు తరగతులుగా విభజింపబడియున్నవి: బట్టలకు 24, కుట్టిన దుస్తులకు 25, లేసులకు 26, పచ్చళ్ళకు 29. చిన్న వర్తకుడు కంప్యూటరు ద్వారా దరఖాస్తు చేసినచో ఒక్కొక్క తరగతికి రుసుము 4,500 రూపాయలు. నమోదు పదియేండ్లు నిలుచును. పిదప మరల పొడిగించుకొనవచ్చును. దరఖాస్తు పత్రికలో ప్రకటింపబడిన నాలుగు నెలలలో ఎవరైనను అభ్యంతరము చెప్పవచ్చును. మన గుర్తును పోలినదానిని ఇతరులు కోరినప్పుడు మనకును ఆ హక్కు కలదు.

రెండవది భౌగోళిక గుర్తింపు. ఇది ఒక వర్తకునిది కాదు. ఒక ప్రాంతమున ఆ పని చేయువారందరిది. దీనిని అమ్ముటకు గాని తాకట్టు పెట్టుటకు గాని చట్టము ఒప్పదు. మన చుట్టుప్రక్కల చూడుడు: ఉప్పాడ జాందానీ చీరకు 2009లోను, ఆత్రేయపురము పూతరేకులకు 2023లోను, నరసాపురము లేసుకు 2024లోను ఈ గుర్తింపు లభించినది. మాధవాయపాలెము ఏ నరసాపురము చెంతనున్నదో, ఆ నరసాపురపు పేరే నేడు చట్టముయొక్క రక్షణ పొందినది. మూడువందల యేండ్లకైనను ఆ ప్రాంతము తన పేరును తాను వ్రాయించుకొన్నది. అయితే సంఘము పేర గుర్తింపు వచ్చినంత మాత్రమున పని ముగియలేదు. లేసు అల్లు ప్రతి స్త్రీయు, చీర నేయు ప్రతి నేతగాడును అధికృత వినియోగదారుగా తన పేరు వేరుగ నమోదు చేయించుకొనవలెను.

ఇచ్చట వర్తకులమైన మన తప్పును కూడ ఒప్పుకొనవలెను. మరమగ్గపు చీరను ఉప్పాడ చీరయని అమ్ముట శిక్షార్హమైన నేరము. పరదేశి మన పేరు దొంగిలించెనని వాపోవుచు, మనమే పొరుగూరి నేతగాని పేరు దొంగిలించుట ధర్మమా?

ఇక సముద్రము దాటిన పిదప. ఇచ్చటి నమోదు ఇచ్చటికే చెల్లును. ఇచ్చట దరఖాస్తు చేసిన ఆరు నెలలలోపల పరదేశమున దరఖాస్తు చేసినచో, ఇచ్చటి తేదీయే అచ్చటను చెల్లును. ఇది పారిస్ ఒడంబడిక ఇచ్చిన సదుపాయము. 2013 జూలై 8 నుండి భారతదేశము మాడ్రిడ్ పద్ధతిలో చేరినందున, మన కార్యాలయము ద్వారానే ఒక్క దరఖాస్తుతో అనేక దేశములను కోరవచ్చును. ఏజెంటుతో వ్రాసికొను కాగితములో, గుర్తు మాదే, అతనికి అమ్ముకొను అనుమతి మాత్రమే కలదని స్పష్టముగా వ్రాయవలెను.

తగవు వచ్చినచో ఎచ్చట, ఎట్లు తీర్చుకొనవలెనో ముందే వ్రాసికొనుడు. ఒక దేశపు కోర్టు తీర్పు మరియొక దేశమున తనంత తాను అమలు కాదు. మధ్యవర్తి తీర్పునకు ఆ విషయమున సౌకర్యము హెచ్చు. 1958 నాటి న్యూయార్కు ఒడంబడికలో భారతదేశమును, ఫ్రాన్సును చేరియున్నవి. అందువలన మధ్యవర్తి యిచ్చిన తీర్పును ఉభయ దేశములలోను అమలు పరపించుకొనవచ్చును. మధ్యవర్తిత్వపు షరతు ఒక్క పేరా మాత్రమే. అది లేకున్నచో ఏండ్ల తరబడి తిరుగవలసివచ్చును.

కాగితమునకు ఎంత బలమున్నదో పసుపు సంగతి చెప్పును. గాయమును మాన్పుటకు పసుపు వాడుట మీద 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చిరి. మన అవ్వలందరికిని తెలిసిన చిట్కా అది! మన శాస్త్రీయ పరిశోధన మండలివారు పాత గ్రంథములనుండి ఆధారములు చూపిన మీదట 1997లో ఆ పేటెంటు రద్దయినది. అవ్వ మాట నిజమే. గెలిపించినది మాత్రము వ్రాత.

కొందరు సోదరులు, దరఖాస్తులన్నియు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉన్నవి, మాకెట్లు సాధ్యమని అడుగుదురు. నిజమే, ఈ కేంద్రపాలిత ప్రాంతమున మన భాష కొద్దిమందిది. కాని గుర్తు తెలుగు అక్షరములలో నుండరాదని ఏ చట్టమును చెప్పలేదు. దాని ఉచ్చారణను, అర్థమును ఇంగ్లీషులోనో హిందీలోనో జతపరచి, భాష తెలుగని తెలిపినచో చాలును. కావున అమ్మకము కొరకని అక్షరములు మార్చుకొనకుడు. ఇక ఖర్చు మాట. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము ప్రకారము స్త్రీలును, షెడ్యూల్డు కులములు, తెగలవారును ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయమునకు అర్హులు. కోర్టు వ్యవహారమే కాదు, న్యాయసలహాయు అందు చేరినదే. లేసు అల్లు మన ఆడపడుచులలో ఎందరికి ఈ సంగతి తెలియును?

కావున సంఘమునకు మా మనవి యొక్కటే. నెలకొక ఆదివారము సంఘ భవనమున ఒక బల్ల వేయింపుడు. ఇంగ్లీషు కాగితమును తెలుగున చదివి వినిపించుటకు మన విద్యావంతులైన యువకులు, సలహా చెప్పుటకు ఒక న్యాయవాది ఉండవలెను. మొదటి యేడాది అగు ఖర్చు మేము భరించెదము. ఎవరెవరి యింట ఏ గుర్తు కలదో, ఎన్నేండ్లనుండి వాడుచున్నారో, పాత బిల్లులతో సహా ఒక పుస్తకములో వ్రాయించుదము. మీ పెట్టెల అడుగున తాతల నాటి బిల్లు ఒక్కటి దొరికినను పారవేయక, మొదటి ఆదివారము నాడు తీసికొని రండు.