పాదం ఎక్కడ పడింది?

మాది సాయంత్రం బడిలో నేర్చిన తెలుగు. మాటల్లో పుస్తకం వాసన వస్తే మన్నించాలి.

మన డర్బన్ ఇళ్ళలో కొందరు పిల్లలు కూచిపూడికి వెళ్తారు, కొందరు బాల్‌రూమ్ డాన్సుకు వెళ్తారు. వారి దగ్గర ఒకే ఫిర్యాదు వింటున్నాము. “ఒక టీచరు ‘పక్కకు’ అంటారు, ఇంకొకరు ‘ముందుకు’ అంటారు. పరీక్షలో ఏది చెప్పాలి?” పిల్లవాడి కాలు మాత్రం రెండు సార్లూ ఒకే చోట పడింది!

బాలేలో అయిదు పాదస్థానాలు ఉన్నాయి. 1700లో ఫ్రాన్సులో ఫ్యూయే అచ్చు వేయించిన పుస్తకంలోనే అవి కనిపిస్తాయి. అక్కడ చూసేది రెండు పాదాలు ఒకదానికొకటి ఎలా ఉన్నాయని. ఇంగ్లీషు బాల్‌రూమ్ వారు వేరు దారి పట్టారు. లండన్‌లో 1904లో పుట్టిన ఇంపీరియల్ సొసైటీ 1924లో బాల్‌రూమ్ శాఖ పెట్టి వాల్ట్జ్, ఫాక్స్‌ట్రాట్ వంటి వాటికి అడుగులు ఖాయం చేసింది. వీటిలో బాలేలో లాగా పాదాలు బయటికి తిప్పరు, నడకలో లాగే ఉంచుతారు. అందువల్ల పాదస్థానం అంటే కదిలిన కాలు ఒంటికి ఏ వైపు పోయింది అన్న మాట: ముందుకు, వెనక్కు, పక్కకు, ఏటవాలుగా.

చిక్కంతా ప్రామినాడ్ దగ్గర వస్తుంది. పురుషుడి కుడి పక్క, స్త్రీ ఎడమ పక్క దగ్గరగా ఉంటాయి; రెండో పక్కలు తలుపు రెక్కల్లా తెరుచుకుంటాయి. పురుషుడు ఎడమ కాలు వేస్తాడు. చూసేవారికి జంట ముందుకు సాగినట్టే ఉంటుంది. పుస్తకంలో మాత్రం “పక్కకు” అని రాసి ఉంటుంది. ఎందుకంటే పాదం పోయే దిక్కుకు చూపుతుంది, ఒళ్ళు అంత తిరగదు. అందుకే వారు ఒళ్ళు చూసే దిక్కుకు ఒక మాట, పాదం చూపే దిక్కుకు మరొక మాట పెట్టుకున్నారు. ఈ ఏర్పాటు మాకు చాలా నచ్చింది.

“కాంట్రరీ బాడీ మూవ్‌మెంట్ పొజిషన్” అని ఇంకొకటి ఉంది. పేరు చూసి ఒళ్ళు తిప్పాలనుకుంటారు. అది పాదస్థానమే, ఒళ్ళు తిప్పకుండా కాలిని అడ్డంగా వేయడం. దేనికి అడ్డంగా? కొందరు రెండో పాదం గీత అంటారు, కొందరు ఒంటి గీత అంటారు.

కూచిపూడి తల్లులు నవ్వుకోనక్కరలేదు. ఆలీఢం చూడండి. నాట్యశాస్త్రంలో కుడి పాదం అయిదు తాళాలు చాచాలి. అభినయ దర్పణంలో కుడి పాదానికి ముందు మూడు వితస్తుల దూరంలో ఎడమ పాదం పెట్టాలి. తాళమైనా వితస్తి అయినా సుమారు జేనెడే. బాల్‌రూమ్‌లో ఒక కాలికి రెండు పేర్లు వస్తే, ఇక్కడ ఒకే పేరుకు రెండు కాళ్ళు వచ్చాయి. ఏది తప్పు అంటారు? భరతముని తప్పా, నందికేశ్వరుడు తప్పా?

ఇలాంటి పట్టింపుల మధ్య నలిగి డాన్సు మానేసిన పిల్లలను చూశాము. బడిలో జవాబు పత్రాలు దిద్దినవాళ్ళం కనుక అడుగుతున్నాము. టీచర్లు మొదటి రోజే నోటు పుస్తకం మొదటి పేజీలో ఏ గ్రంథం ప్రకారం చెబుతున్నారో రాయించండి. తల్లిదండ్రులు ఫీజు కట్టే ముందు పరీక్ష ఏ పుస్తకం మీద జరుగుతుందో కనుక్కోండి. పిల్లలూ, పరీక్షకులు “ఎటు?” అని అడిగితే, “ఒంటికి పక్కగా, పాదం గది పొడవున చూపుతూ” అని పూర్తిగా చెప్పండి.