నింద ఒకరిది, గుట్టు మరొకరిది
(అరకులోయలో జరిగిన పుస్తక పరిచయ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేడు నేను పరిచయం చేయవలసిన గ్రంథం అమెరికా రచయిత్రి హార్పర్ లీ నవల ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’. 1960లో వెలువడింది. కథ జరిగేది 1930లలో, అలబామా రాష్ట్రంలోని మేకోంబ్ అనే చిన్న పట్టణంలో. టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి కూలీ ఒక తెల్లజాతి యువతిపై అత్యాచారం చేశాడని నేరం మోపుతారు. అతని పక్షాన నిలిచిన న్యాయవాది ఆటికస్ ఫించ్ ఒక సంగతి చూపిస్తాడు. దెబ్బలు ఆమె ముఖానికి కుడివైపున ఉన్నాయి. ఎదుట నిలిచి అలా కొట్టేది ఎడమచేతి వాటం గలవాడు. టామ్ ఎడమ చెయ్యి చిన్ననాటి ప్రమాదంలో చచ్చుబడింది. ఎడమచేతి వాటం ఉన్నది ఆమె తండ్రికి! అయినా జ్యూరీ టామ్‌నే దోషి అన్నది. చెర నుండి పారిపోబోతుండగా కాపలాదారులు అతణ్ణి కాల్చి చంపారు.

అసలు గుట్టు వేరు. ఆ యువతి తానే టామ్‌ను దగ్గరకు తీసుకోబోయింది. అది తండ్రి కంటబడింది. ఇంటి పరువు దాగాలంటే ఒక దోషి కావాలి. ఎదురు చెప్పలేని నల్లవాడు అందుబాటులో ఉన్నాడు. అబద్ధపు నింద వెనుక సాధారణంగా ఎవరిదో ఒక రహస్యం దాగి ఉంటుందని ఈ నవల మనకు బోధిస్తున్నది.

ఈ కథ మనకు కొత్త కాదు. యూసుఫ్ ప్రవక్త (అలైహిస్సలాం) చొక్కా వెనుక నుండి చిరిగి ఉంది. ఆయన నిర్దోషి అని ఆ చిరుగే చాటింది. అయినప్పటికీ పెద్దింటి పరువు కోసం చెరసాలకు పోవలసి వచ్చింది ఆయనే.

2007 మే 18, శుక్రవారం నాడు హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలింది. మరణించినది నమాజుకు వచ్చినవారు. పోలీసులు పట్టుకుపోయినది కూడా ముస్లిం యువకులనే. న్యాయస్థానాలు వారిని నిర్దోషులుగా విడిచిపెట్టాయి. ప్రభుత్వం పరిహారం ప్రకటించింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. పిమ్మట వేరే నిందితులపై సాగిన కేసులో విచారణ ఎదుర్కొన్న ఐదుగురూ 2018 ఏప్రిల్ 16న విడుదలయ్యారు. పోయిన ప్రాణాలకు బాధ్యులెవరో నేటికీ తేలలేదు.

అదే ఏడాది డిసెంబరులో విజయవాడ సమీపాన ఇబ్రహీంపట్నం హాస్టల్లో మన బిడ్డ, ఒక ఫార్మసీ విద్యార్థిని, హత్యకు గురైంది. మరుసటి ఏడాది పోలీసులు ఒక పేద దళిత యువకుణ్ణి చూపించి ఇతడే హంతకుడన్నారు. 2010లో శిక్ష పడింది. ఆ బిడ్డ తల్లిదండ్రులు మాత్రం మొదటి నుండీ ఒకే మాట మీద నిలబడ్డారు: ఇతడు కాదు, అసలు దోషులు వేరే ఉన్నారు అని. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా ప్రకటించింది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా అతని జీవితం జైలులో గడిచిపోయింది.

సోదరులారా, కడుపుకోతలో ఉన్న ఆ తల్లికి ఎవరో ఒకరికి శిక్ష పడితే చాలుననిపించలేదు. పరాయివాని బిడ్డను బలిపెట్టి తన బిడ్డకు న్యాయం తెచ్చుకోవడానికి ఆమె ఒప్పుకోలేదు. మైనారిటీ హక్కుల గురించి మాట్లాడే మనకు ఇంతకు మించిన పాఠం లేదు.

ఈ కొండల సంగతి చూడండి. పసివాడు జ్వరంతో పోతే చిల్లంగి పెట్టిందని ఒంటరి ముసలిదానిపై నింద పడుతుంది. ఆసుపత్రికి పోవడానికి దారి ఎందుకు లేదన్న ప్రశ్న ఆ నింద కింద అణగిపోతుంది. గంజాయి మూట మోసిన కూలి జైలుకు పోతాడు. పెట్టుబడి పెట్టినవాడి పేరు కాగితాలకెక్కదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం, సరుకు చేతిలో దొరికితే తనకు తెలియదని రుజువు చేసుకోవలసిన భారం ఆ కూలిపైనే పడుతుంది.

కనుక మనం చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. అరెస్టయిన వ్యక్తిని ఇరవైనాలుగు గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతున్నది. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి సమక్షంలో పట్టుకున్నారో వెంటనే రాసిపెట్టుకోండి. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఆదివాసులకు, దళితులకు, స్త్రీలకు, నిర్బంధంలో ఉన్న ఎవరికైనా ఉచితంగా న్యాయవాది లభిస్తాడు, అడగండి, అడిగించండి.

అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి. నింద మనవారిపై పడ్డప్పుడు సాక్ష్యం ఏదని అడుగుతున్నాం. చిల్లంగి ముసలమ్మపై పడ్డప్పుడు, గంజాయి కూలిపై పడ్డప్పుడు కూడా అదే గొంతుతో అడగాలి. అప్పుడే మన ప్రశ్నకు బలం వస్తుంది, విన్నవారికి నమ్మకం కలుగుతుంది.