నెట్‌వర్కు నిర్వహణము: అయిదు బాధ్యతలు

(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ రజతోత్సవవేళ నన్నును నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు కోరిరి. భారతభాగవతములు చెప్పుదునని తలంచి వచ్చినవారు మన్నింపవలెను. మన గ్రంథాలయమున నున్న కంప్యూటర్లను కలిపెడి నెట్‌వర్కును, దానిని కాపాడు బాధ్యతలను గూర్చి ముచ్చటింపదలచితిని. లెక్కలు వ్రాయువానికి ఈ గొడవ యేల యందురేమో! ఇదియు లెక్కయే యని విన్నవించుటకే లేచితిని.

నెట్‌వర్కు నిర్వహణమునకు అంగములు అయిదని అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ 1989లో నిర్ణయించినది.

మొదటిది లోపములను పట్టుట. తీగ యెక్కడ తెగినదో, ఏ యంత్రము పలుకుట లేదో కనిపెట్టి చక్కజేయవలెను. రెండవది అమరిక. ఏ యంత్రము ఎక్కడ నున్నది, దానికి ఏ చిరునామా ఇచ్చితిమి, దానిని ఎవరు ఎన్నడు మార్చిరి అనునవి వ్రాసియుంచవలెను. మూడవది వాడుక లెక్క. ఎవరెంత వాడిరో తెలిసిననే ఖర్చును న్యాయముగా పంచవచ్చును. నాల్గవది పనితీరు. కాలువ చివరి మడికి నీరెక్కుచున్నదో లేదో చూచినట్లు, రద్దీవేళ సమాచారము ఎంత ఆలస్యముగా చేరుచున్నదో, దారిలో ఎంత జారిపోవుచున్నదో కొలువవలెను. అట్లు కొలుచుచుండువానికి చెడుటకు ముందే సూచన తోచును. అయిదవది భద్రత. సంకేతపదములను కాపాడుట, అర్హత లేనివారిని ఆపుట, తయారుచేసినవారు పంపెడి సవరణలను వెంటనే ఎక్కించుట దీని పనులు. ఎవరెంతసేపు కూర్చుండిరో వ్రాయుట లెక్క. ఎవరేమి చదివిరో తొంగిచూచుట అపరాధము.

ఇవి విడివిడిగా కనబడినను, రెండవది చెడిన మొదటిది సాగదు. దీనిని నా తప్పువలననే నేర్చితిని. క్రొత్త ప్రింటరు వచ్చిన దినమున నా చేతులతోనే దానికొక చిరునామా ఇచ్చితిని. అది అంతకుముందే రౌటరుకున్న చిరునామా! రెండు చేలకు ఒకే సర్వే నంబరు వేసిన నేమగును? ఇచ్చటను అదియే జరిగినది. రౌటరుకు పోవలసిన సమాచారము ప్రింటరుకు పోసాగెను, ఇంటర్నెట్టు నిలిచెను. తీగలు మార్చితిమి, యంత్రములను ఆర్పి వెలిగించితిమి. రెండు దినములు గడచెను. పట్టణమునుండి వచ్చిన మెకానిక్కు "చిరునామాల పట్టిక ఏదండీ?" అని యడిగెను. పైసతో సహా పద్దు వ్రాయు నాయొద్ద ఆ పట్టిక లేదు. ఈలోపల ఒక విద్యార్థి దరఖాస్తు గడువు దాటిపోయెను. ఆ పిల్లవాడు నన్నొక మాటయు అనలేదు. వాని యేడాదిని నేను ఏ పద్దున జమకట్టుదును?

నాటినుండి రౌటరు ప్రక్కనే ఒక పుస్తకము వ్రేలాడుచున్నది. ప్రతి యంత్రము పేరు, చిరునామా, చేసిన మార్పు, తేదీ, సంతకము అందుండును. సంకేతపదములు మాత్రము అందు వ్రాయము. వానిని కవరులో ముద్రవేసి బీరువాలో భద్రపరచితిమి.

రాబోవు ఇరువదియైదేండ్లు ఈ గ్రంథాలయమును నడుపబోవు యువతీయువకులారా! యంత్రములు మారును, మీరును మారుదురు. ఆ పుస్తకమును మాత్రము మూయకుడు. మార్పు చేసిన చేతితోనే, ఆ దినముననే వ్రాయుడు.