దిగులు జబ్బు



దిగులు అందరికీ వస్తుంది, పోతుంది. కానీ 2 వారాలు దాటినా పోకపోతే? నిద్ర పట్టదు. అన్నం సయించదు. బిడ్డ ఏడ్చినా లేవబుద్ధి కాదు. అది జబ్బే. "పనిలేక" అని అత్తగారు తిడితే తగ్గదు.

అలాంటి మనిషి పొద్దున్నే ఎండలో 10 నిమిషాలు నడవాలి. తోడు ఒకరు వెళ్ళాలి, ఆమె తనంతట బయలుదేరదు గదా! మనసు బాగుపడ్డాక నడుద్దాం అనుకుంటే ఆ రోజు రాదు. నడిస్తేనే మనసు కాస్త కదులుతుంది. వేళకు నాలుగు ముద్దలు తినాలి. రోజూ ఒకే వేళకు పడుకోవాలి, లేవాలి. పొదుపు సంఘం మీటింగు మానకూడదు. మాట్లాడకపోయినా సరే, నలుగురిలో కూర్చుంటే చాలు.

అయినా తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. చచ్చిపోవాలని ఉందంటే ఆమెను ఒంటరిగా వదలకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. 2022లో ప్రభుత్వం పెట్టిన ఫోను నంబరు 14416. రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. డబ్బులు పడవు.