మెట్లకు అందని పాట



మన ఇళ్ళల్లో ఆడపిల్లకు సంగీతం చెప్పించడమంటే సరళీ స్వరాలు, జంటలు, గీతాలు, ఆపైన కీర్తనలు. పొలంలో కూలిజనం పాడుకునే పాటకు ఆ వరసలో చోటుండదు. శాస్త్రం క్షుణ్ణంగా నేర్చిన మనిషి ఆ పాట దగ్గరికి వెళ్తే ఏమవుతుందో ఇద్దరు స్త్రీల సంగతితో చెబుతాను.

మొదటి ఆమె అమెరికాలోని నీనా సిమోన్. 1933లో నల్లజాతి కుటుంబంలో పుట్టింది. పసితనం నుంచీ పియానో మీద పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం సాధన చేసింది. 1951లో, కోరుకున్న సంగీత విద్యాలయంలో ప్రవేశం దొరకలేదు. 1954లో పొట్టకూటికి అట్లాంటిక్ సిటీలో ఒక బారులో వాయించడానికి కుదిరింది. తల్లి మతబోధకురాలు. ఆవిడకు తెలిస్తే బాధపడుతుందని పేరే మార్చుకుంది!

బ్లూస్ అనేది అక్కడి నల్లవారు కాయకష్టంలో, కన్నీళ్ళలో పాడుకున్న పాటల్లోంచి పుట్టింది. అందులో గాంధారం ఒక్కచోట నిలవదు. సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ ఊగుతుంది. పియానోలో ఆ చోటుకు మెట్టు లేదు మరి! అందుకని వాయించేవారు నల్లమెట్టు మీంచి తెల్లమెట్టు మీదికి వేలు జారుస్తారు. లేదా రెండూ ఒక్కసారే నొక్కుతారు. పాఠంలో తప్పనిపించేదే అక్కడ పాటకు ప్రాణం. 1967లో నీనా బ్లూస్ పాటలతోనే ఒక రికార్డు ఇచ్చింది.

మన హార్మోనియానిదీ ఇదే చిక్కు. గమకం పలకదని 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణి దాన్ని దూరంగా ఉంచింది. ఆ హార్మోనియం మీదే గట్టి పట్టు సాధించారు వింజమూరి అనసూయాదేవిగారు. 1920లో కాకినాడలో పుట్టారు. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు మేనమామ. శాస్త్రీయ సంగీతం చిన్నతనంలోనే నేర్చి, సోదరి సీతాదేవిగారితో కలిసి పల్లెపాటలను కచేరీ వేదిక ఎక్కించారు. పాటలు సేకరించి, స్వరాలు రాసి, పుస్తకాలుగా అచ్చువేయించారు. 2019లో హ్యూస్టన్‌లో కన్నుమూశారు. ఆమె లేరు గాని, ఆ పాటలు మిగిలాయి.

ఇక మా రాజాం వైపు చూడండి. వానలు పడి ఉడుపులు మొదలైతే, ఆడవాళ్ళు ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావారు అందుకుంటారు. వంగి నాటే చేతికీ పాటకీ ఒకటే లయ. అలాంటి పాటలు ఎన్నో ఏ పుస్తకంలోకీ ఎక్కకుండానే, పాడినవారితోనే వెళ్ళిపోతున్నాయి. స్వరాలు రాసినా దక్కేది సగమే. ఆ జారు, ఆ ఊపిరి, ఆ యాస చెవితో వినాల్సిందే.

అందుకని ఒక్క పని చేయండి. మీ అత్తగారో, అమ్మమ్మో, ఇంటికి పనికొచ్చే ఆవిడో కూనిరాగం తీస్తే, ఆమెను అడిగి, సెల్‌ఫోనులో పట్టండి. ఏ ఊరి పాటో, ఏ పనప్పుడు పాడేవారో కూడా ఆమె నోటే చెప్పించండి. కీబోర్డు నేర్చుకునే మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టండి. మెట్లమీద ఎంత వెతికినా ఆ స్వరం దొరక్క, "అమ్మమ్మా, ఇంకొక్కసారి పాడవూ?" అంటుంది చూడండి, అదే ఆ పిల్లకు కొత్త పాఠం.

సెలవు.