తినని బిడ్డ, తినిపించు పెద్దలు

(ప్రసంగ పాఠము)



రోడ్లు, మురుగు కాలువలు, వీధి దీపములు, ఇంటిపన్నులు - వీనిని గూర్చి మాటలాడుట మీకు నిత్యకృత్యము. నేడు నేను ప్రస్తావింపబోవు సమస్య ఏ పంచాయతీ కార్యక్రమ పట్టికలోను సాధారణముగా చేరునది కాదు. అది ఒక పిడికెడు అన్నము. దానిని తిననని భీష్మించుకొని కూర్చున్న మూడేండ్ల పిల్లవాడు.

ఆ పిల్లవాని అధికారమును తక్కువగా అంచనా వేయకుడు. పంచాయతీలో అవిశ్వాస తీర్మానము పెట్టవలెనన్న నోటీసు కావలెను, సభ్యుల సంఖ్య చాలవలెను. ఈ చిన్నవానికి అవేవియు అక్కరలేదు. పెదవులు బిగించి తల ప్రక్కకు త్రిప్పినచో తీర్మానము నెగ్గినట్లే.

మధ్యాహ్న వేళ మన పల్లెలలో ఏ వీధికి పోయినను ఈ నాటకము కనబడును. బిడ్డ ముందు పరుగెత్తును. తల్లి గిన్నె పట్టుకొని వెనుక నడచును. అమ్మ ముద్ద, నాన్న ముద్ద, తాత ముద్ద అని చుట్టములందఱి పేర్లును అయిపోవును. కాకి వచ్చును, బూచివాడు వచ్చును, ఏలూరు బస్సు వచ్చును. ఇంతమంది వచ్చినను ముద్ద మాత్రము గొంతు దిగదు. బుగ్గలో ఒక మూల దాగియుండును. అరుగుమీది నాయనమ్మ "నా కొడుకును నేనిట్లే పెంచితినా? పిల్లవాడు చిక్కి సగమైనాడు" అని నిట్టూర్చును. ఆ సగమైన పిల్లవాడే ప్రక్కింటి వంటింటిలో దూరి, తన యింట ముట్టని తోటకూర పప్పునే రెండవమాఱు అడిగి పెట్టించుకొని వచ్చును. ఆ వార్త విన్న తల్లి ముఖమును మీరు చూచియే యుందురు.

ఈ నడుమ చందమామ ఆకాశమునుండి దిగి తల్లి చేతిలోని సెల్‌ఫోనులో చేరినాడు. బొమ్మలు కదలుచున్నంతసేపు నోరు తెఱచుకొనును, గిన్నె ఖాళీ యగును, తల్లికి ఊరట కలుగును. కాని తాను తిన్నదేమో, కడుపు నిండినదో లేదో ఆ బిడ్డకు తెలియదు. చందమామను చూపుటయు మాయయే గదా యని మీరనవచ్చును. నిజమే. అయితే ఆనాడు తల్లి కబుర్లు చెప్పుచుండెను, బిడ్డ బదులు పలుకుచుండెను. ఫోను ముందర ఇద్దఱును మూగవారే.

ఇది నవ్వి విడువదగిన విషయమైనచో మీ కాలమును వ్యర్థము చేయను. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో ఆఱు నెలలు నిండి ఐదేండ్లు దాటని పిల్లలలో నూటికి 63 మందికి రక్తహీనత కలదు. ఐదేండ్ల లోపువారిలో నూటికి 31 మంది వయస్సుకు తగిన ఎత్తు ఎదుగలేదు. ఇక మన ప్రాంతమును తలచుకొనుడు. కొల్లేటి చుట్టుపట్ల చెరువులలో పెరిగిన బొచ్చె, రాగండి చేపలు మంచుతో సర్దబడి లారీలపై కలకత్తాకును, అస్సామునకును పోవుచున్నవి. గోదావరి జిల్లాల కోళ్ళఫారముల గ్రుడ్లు ఈశాన్య రాష్ట్రములకు చేరుచున్నవి. తాడేపల్లిగూడెము ఉల్లిపాయల బజారును ఎఱుగని వ్యాపారి లేడు. వరికి కొఱత లేదు. ఇంత పండు నేలపై బిడ్డ పళ్ళెములో ఏమి మిగిలిపోవుచున్నదో, అసలు ఏమి పడుటయే లేదో పెద్దలు చూడకున్న ఎవరు చూతురు?

మొదట తల్లుల భయమును కొంత తీర్చవలెను. మూడు కిలోల బరువుతో పుట్టిన బిడ్డ ఏడాది నిండునప్పటికి ఇంచుమించు తొమ్మిది కిలోలగును. ఆ లెక్కనే పెరిగినచో రెండవ పుట్టినరోజునకు ఇరువది యేడు కిలోలు కావలెను, ఎత్తుకొనువారెవరు? అట్లు జరుగదు. రెండవ యేట రెండు, రెండున్నర కిలోలు మాత్రమే పెరుగును. కావున ఆకలియు తగ్గును. సరిగా ఆ దినములలోనే బిడ్డకు 'వద్దు' అను మాట వచ్చును. ఆ మాట రుచి తెలిసినవానికి పప్పన్నము రుచి ఒక లెక్కయా?

రెండేండ్లు మొదలు ఐదాఱేండ్ల వఱకు క్రొత్త పదార్థమన్న జంకు సహజము. దొరికిన ఆకునెల్ల, కాయనెల్ల నోట బెట్టుకొనకుండ ప్రకృతి పెట్టిన కావలి అది యని శాస్త్రజ్ఞులందురు. ఆ జంకు పోవుటకు మార్గము మఱల మఱల చూచుట, వాసన చూచుట, కొంచెము నాలుకపై వేసికొనుట. ఎనిమిది, పది, ఒక్కొక్కప్పుడు పదునైదు మాఱులు కావలసియుండును. మనవారు మూడవమాఱు తోసివేయగనే "వీడికి పడదు" అని తీర్పు చెప్పుదురు. కాకరకాయ తరపున నేను వాదింపను. పెద్దలలోనే దానికి మిత్రులు తక్కువ. బచ్చలికిని, తోటకూరకును, పొట్లకాయకును మాత్రము అంత తొందరగా శిక్ష వేయరాదు. బెదిరించి తినిపించిన కూరపై పగ పెరుగును. "పప్పు తింటే బిస్కత్తు ఇస్తాను" అనుట ఇంకను చెఱుపు. బిస్కత్తు బహుమానమనియు, పప్పు జరిమానా యనియు బిడ్డ అర్థము చేసికొనును.

అమెరికాలో క్లారా డేవిస్ అను వైద్యురాలు ఒక ప్రయోగము చేసి 1928లో ప్రకటించెను. అప్పుడే తల్లిపాలు విడిచిన పసివారి ముందు మాంసము, గ్రుడ్లు, పాలు, ధాన్యములు, పండ్లు, కూరగాయలు వేర్వేరు గిన్నెలలో ఉంచిరి. బిడ్డ చేయి చూపినదే దాది అందించును, తినుమనదు, వలదనదు. పిల్లలు కొన్నాళ్ళు గ్రుడ్లపై, కొన్నాళ్ళు పండ్లపై పడిరి. చూచినవారికి అంతయు అస్తవ్యస్తము. అయినను పిల్లలు బాగుగా పెరిగిరి. ఇందలి కిటుకు ముందు ఉంచిన పదార్థముల పట్టికలోనే యున్నదని తరువాత 1939లో ఆమెయే చెప్పెను. ఆ గిన్నెలలో మిఠాయి లేదు, చక్కెర లేదు.

కావున ఏమి పెట్టవలెను, ఎప్పుడు పెట్టవలెను, ఎక్కడ పెట్టవలెను అనునది పెద్దల బాధ్యత. తినుటయు, ఎంత తినుటయు బిడ్డ అధికారము. మన ఇండ్లలో ఈ పంపకము తలక్రిందులైనది. దుకాణము వైపు వ్రేలు చూపి ఏమి తినవలెనో బిడ్డ నిర్ణయించుచున్నాడు. ఎంత మ్రింగవలెనో మనము నిర్ణయించుచున్నాము. పండ్రెండింటికి ఐదు రూపాయల కారపు పొట్లము కొనిపెట్టి, ఒంటిగంటకు అన్నము కలిపినచో "ఆకలి లేదు" అనును. ఆ పిల్లవాడు అబద్ధమాడుట లేదు.

అయితే తినని బిడ్డలందఱును గారాబపు బిడ్డలు కారు. నోటిపుండ్లు, నులిపురుగులు, విరేచనములు ఆకలిని చంపును. రక్తహీనతయు చంపును, ఆకలి లేనందున రక్తహీనత మఱింత ముదురును. బరువు పెరుగక, ముఖము పాలిపోయి, ఆటలో వెనుకబడు బిడ్డకు కాకి కథలు పనిచేయవు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొని పోవలెను. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీలు నులిపురుగుల నివారణ దినములు. ఆల్బెండజోల్ మాత్ర మీ గ్రామమున ఎవరికి అందలేదో కనుగొనుడు. కొల్లేటి లంక గ్రామములలో త్రాగునీటి బాధను మీకు నేను చెప్పనక్కరలేదు. నీరు చెడినచోట ఆకలియు చెడును. అది మాత్రము మీ కార్యక్రమ పట్టికలోనిదే.

పిల్లలు పళ్ళెము అంచునకు నెట్టివేయు ఆకుకూరను గూర్చి ఒక మాట. రక్తము పట్టుటకు కావలసిన ఫోలిక్ ఆమ్లము పేరు 'ఆకు' అను లాటిన్ పదమునుండి వచ్చినది. దానిని 1945లో అమెరికాలో కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు, 1895లో మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు.

చేపల సంగతి మఱియు చిత్రము. కొల్లేటి కుఱ్ఱవాడు కొఱ్ఱమేనును, మట్టగిడసను, జెల్లను, ఇంగిలాయిని చూడగనే పేరు చెప్పును. నీటిలో దిగి పట్టను గలడు. తినుమన్నచో ముల్లు గుచ్చుకొనునని పారిపోవును. ముల్లు తీసి పెట్టు ఓర్పు ఇంటిలో ఒకరికైనను ఉండవలెను. అది తండ్రికి ఉన్నను తప్పులేదు. పరిగెల వంటి చిన్న చేపలను కరకరలాడ వేయించి ముల్లుతో సహా నమలగలిగినవారికి ఎముకలకు కావలసిన కాల్షియము దొరకును. పసివారికైనచో మెత్తగా పొడిచేసి అన్నములో కలుపవచ్చును.

ఇక మీ పని. అంగన్వాడీ పథకము 1975 అక్టోబరు 2న ఆరంభమైనది. మన రాష్ట్రమున బడులలో వండిన మధ్యాహ్న భోజనము 2003 జనవరినుండి పెట్టబడుచున్నది. 2024లో ఆ పథకమునకు గోదావరి లంకలలో వచ్చినవారికెల్ల అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. బియ్యము, గ్రుడ్లు వచ్చినవా యని మీరు అడుగుచునే యున్నారు. ఎందఱు హాజరైరో రిజిస్టరు చెప్పును. ఎంత తినిరో కుడితి తొట్టి చెప్పును. ఆ తొట్టిలో తొంగిచూచిన సభ్యులెందఱు? గ్రుడ్డులోని తెల్లసొన తిని పచ్చసొన పడవేయు పిల్లలున్నచో దానిని పులుసులో చిదిపి కలుపుమనవచ్చును. రాగిజావ ఉండలు కట్టినచో ఏ బిడ్డయు త్రాగడు. అది బిడ్డ తప్పు కాదు. బడి గేటు ప్రక్కన పొట్లములమ్ము దుకాణదారుతో, భోజనపు గంట మ్రోగువఱకు పిల్లలకు అమ్మవద్దని మాటలాడవలసినవారు మీరే. బడి వెనుక ఖాళీ స్థలమున నాలుగు మళ్ళు కట్టి తోటకూర చల్లించుడు. తాను నీరు పోసిన కూరను తోసివేయుటకు ఎంతటి మొండివాడైనను కొంచెము సందేహించును.

వచ్చే నెలలో ఒక దినము, ముందుగా కబురు పంపక, భోజన వేళకు అంగన్వాడీకి వెళ్ళుడు. కుర్చీ వలదు, పిల్లల వరుసలోనే నేలపై కూర్చుండి, వారికి పెట్టినదే మీరును తినుడు. ఉపన్యాసము అక్కరలేదు. ఎదుటి బిడ్డ మీ ముద్దను, మీ ముఖమును మార్చి మార్చి చూచుచుండును. అందువలన ఆనాటి వంట కాకరకాయ కాదు గదా యని మాత్రము గుమ్మములోనే ఒకమాఱు విచారించుకొని లోపలికి పొండు.