తీగ ఒకటి, తొందరలు వేరు



వరంగల్లు ప్రాంతము వారికి కాజీపేట జంక్షనును గూర్చి మేము చెప్పవలసిన పనిలేదు. సికింద్రాబాదు మార్గము అచ్చటనే ఢిల్లీ–చెన్నై మార్గమును కలియుచున్నది. బొగ్గుబండి లూపు లైనులో నిలిచియుండగా ఎక్స్‌ప్రెస్సు దూసుకొనిపోవుట మీరు చూచియే యుందురు. గంట ఆలస్యమైనను బొగ్గు చెడిపోదు. దినమునకెన్ని టన్నులు చేరినవన్నదే దాని లెక్క. ప్రయాణికునకు కావలసినది వేళకు దిగుట.

మన యిండ్లలోని ఇంటర్నెట్ తీగపైనను ఈ రెండు విధముల రాకపోకలే గలవు. పెండ్లి వీడియోను బంధువులకు పంపుట బొగ్గుబండి. పట్టణములోని వైద్యునితో మాటలాడుట ఎక్స్‌ప్రెస్సు. మాట 150 మిల్లీసెకనులలో, అనగా సెకనులో సుమారు ఏడవ వంతులో, ఆవలికి చేరినచో సంభాషణకు ఇబ్బంది యుండదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషను సంఘము వారి సూచన.

తీగ నిండినపుడు ప్యాకెట్లు రౌటరు పెట్టెలో వరుసగ నిలుచును. ఒక్కటియు పోరాదని ఆ నిలువ స్థలమును పెద్దదిగ చేసిరి, అదియే చేటైనది. సెకనుకు 80 లక్షల బిట్లు పంపు తీగ ముందు 10 లక్షల బైట్లు నిలిచినచో, వెనుక వచ్చిన మాటకు పూర్తిగ ఒక సెకను నిరీక్షణ. జ్వరముతోనున్న బిడ్డను చూపుచున్న తల్లి మాటయు, వైద్యుని ప్రశ్నయు ఒకదానిపై నొకటి పడును. పెద్ద ప్లాను కొనుమందురు. కొంత మేలే, కాని వీడియో పంపు పని ఎంతటి తీగనైనను నింపజూచును.

ఈ భేదమును ఇంటర్నెట్ నిర్మాతలు ఎరుగకపోలేదు. 1981 నాటి నిబంధనలోనే ‘తక్కువ ఆలస్యము’, ‘ఎక్కువ రవాణా’ అను గుర్తులకు ప్రతి ప్యాకెట్టుపై చోటుంచిరి. కాని తొందర గుర్తు ఎవరైనను వేసికొనవచ్చును. రేషను దుకాణమువద్ద అందరును మాదే అత్యవసరమన్నచో వరుస యెక్కడిది? పైగా ఎక్స్‌ప్రెస్సులకే ఎల్లప్పుడు దారినిచ్చినచో బొగ్గు కదలదు.

మాకు మేలుగ తోచునది వేరొక పద్ధతి: ప్రతి పనికి విడి వరుస, వంతులవారీ ప్రయాణము. ఏ వరుసలోనైనను నిరీక్షణ మితిమీరినచో ఒకటి రెండు ప్యాకెట్లను వదలివేయుదురు. పంపువైపు అది గ్రహించి వేగము తగ్గించుకొని, పోయినవానిని మరల పంపును. నిరీక్షణను కొలుచు ఈ ఉపాయమును 2012లో కేథలీన్ నికల్స్, వాన్ జాకబ్సన్ ప్రకటించిరి. విడి వరుసలతో కూడిన రూపము 2018లో ఇంటర్నెట్ పత్రముగ వెలువడినది. మాట సన్నని ప్రవాహము గనుక వెంటనే సాగును. వీడియో కొంచెము వెనుకబడును, ఆగిపోదు.

రౌటరు కొనునపుడు ఈ సౌకర్యమున్నదా యని అడుగుడు. లేనిచో, వైద్యునితో మాటలాడు వేళ పెండ్లి వీడియోను రాత్రికి వాయిదా వేయుడు.